పోలిక్సేని టీచరు చెరిపేసిన మాట

పిందోస్ కొండల్లో ఆ ఊరి బడికి పోలిక్సేని ఒక్కతే టీచరు. సైనికాధికారులు రాజ్యం చేజిక్కించుకున్నాక, బడిలో పూర్వుల నాటి పుస్తకాల భాష తప్ప ఇళ్లలో మాట్లాడేది వినపడకూడదని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. అయినా వానకోయిలలు తిరిగొచ్చే మార్చి నెలలో ఆవిడ నల్లబల్ల మీద ఆ పిట్టకున్న రెండు పేర్లు రాసింది: హెలిదోన్, హెలిదోని.

"మొదటిది పూర్వులది, స్త్రీలింగం. జనం దానికి ముద్దుగా ఓ తోక తగిలించి చిన్నది చేసుకున్నారు. అట్లా చేస్తే మన భాషలో నపుంసకలింగమైపోద్ది, 'బిడ్డ' అనే మాటలాగే. రెండోది మీ అమ్మ అనే మాట. పిట్ట మాత్రం ఒకటే."

ఈ సంగతి ఎవరో చేరవేశారు. వారం తిరక్కుండా బడుల ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ రెండు మాటలూ నల్లబల్ల మీద మళ్లీ రాయించి, ఊరివాళ్లను పిల్లల బల్లల మీద కూర్చోబెట్టాడు.

"రెండోది పొరపాటున రాశానని వీళ్ల ముందు చెప్పండి. లేకపోతే రేపట్నుంచి ఈ బడి మీది కాదు."

ఇంట్లో తల్లి మంచాన ఉంది. ఈ జీతం తప్ప వేరే ఆధారం లేదు. అయినా పోలిక్సేని, ఊరివాళ్ల మాటే కదా, ఒక్కరైనా అడ్డుపడకపోతారా అని వాళ్ల వంక చూసింది.

గొర్రెల కాపరి స్తెర్యోస్ లేచాడు. "అయ్యగారూ, ఆ మాట మా ఆడది ఇంట్లో ఉత్తినే నేర్పిద్ది. దానికి బడెందుకండీ? మావాడు గుమస్తా కావాల. గుమస్తాల మాట చెప్పించండి."

"మేకజున్ను కంపు కొట్టని మాట," అన్నారెవరో వెనకనుంచి.

"ఆ కంపు తిని పెరిగినోడివే, కూర్చో," అన్నాడు స్తెర్యోస్. అందరూ నవ్వారు.

పోలిక్సేని నల్లబల్ల వైపు తిరిగింది. "పొరపాటున రాశాను," అని రెండో మాటను అరచేత్తో తుడిచేసింది.

బయట స్తెర్యోస్ ఎదురొచ్చాడు. "మనసులో పెట్టుకోకు టీచరమ్మా. నీ మంచికే అన్నా."

"తెలుసులే."

ఆ తర్వాత ఏళ్ల తరబడి పూర్వుల మాటే చెప్పింది. విభక్తి తప్పితే బెత్తం తీసేది. స్తెర్యోస్ కొడుకు అరచేతులు ఎప్పుడూ వాచి ఉండేవి. వాడు నిజంగానే పట్నంలో గుమస్తా అయ్యాడు.

సైనికులు పోయారు. తల్లీ పోయింది. జనం భాషే బడి భాష అని చట్టం వచ్చింది. దాన్ని చెప్పడానికి వచ్చింది కూడా ఆ ఇన్‌స్పెక్టరే.

"మీకు కొత్తేముంది టీచరుగారూ," అన్నాడు చనువుగా. "అప్పుడే మొదలుపెట్టారుగా."

"ఆ భాష నాకు రాదండీ," అంది పోలిక్సేని.

ఆ వేసవికి ఉద్యోగం మానుకుంది. వీడ్కోలు సభ పెడతామన్నారు. వద్దంది.