అక్క ఆనుకున్న గోడ

పోయిన నెల మా అక్క కూతురు కథలాపూర్‌లో బస్సెక్కి కోరుట్లలో దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే పక్కన పెట్టి, ముందు ఫోను తీసి నా చేతిలో పెట్టింది. అందులో మా అక్క ఉంది. ముదురు ఎరుపు పట్టుచీర, మెడ నిండా నగలు, వెనక పూలతోట, తోట వెనక ఎక్కడిదో జలపాతం. అక్క పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి గోడకు పెట్టడానికి పటం కావాలని బావ జగిత్యాల వెళ్ళి ఒక ఫొటోషాపులో దాన్ని చేయించాడట. మా వైపు ఇది ఇప్పుడు మామూలే. పోయినవాళ్ళ ముఖాన్ని ఏ ఆధార్ కార్డులోంచో కత్తిరించి, కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న ఒంటికి అతికిస్తారు. మగవాళ్ళకు కోటు, ఆడవాళ్ళకు పట్టుచీర.

“మామా, మొకం మా అమ్మదే. గీ చేతులు ఎవలియో,” అన్నది నా మేనకోడలు.

నిజమే. నున్నటి వేళ్ళు, గోళ్ళకు రంగు. మా అక్క పెళ్ళికి ముందు నుంచీ బీడీలు చుట్టింది. తునికాకు పట్టీ పట్టీ వేళ్ళ చివరలు నల్లబడి, బీడీ మూతి మడిచీ మడిచీ కుడిచేతి బొటనవేలు కొంచెం పక్కకు తిరిగిపోయి ఉండేది. అక్క పెళ్ళి ఫొటోలు ఏనాడో ఇల్లు కురిసినప్పుడు తడిసి అంటుకుపోయాయి. మిగిలినవి కార్డుల కోసం దిగినవే. వాటిలో ఆమె ముఖం ఎవరో గట్టిగా కసురుకున్నట్టు ఉంటుంది. బావ పటం గోడకెక్కితే ఇక జీవితమంతా తను ఆ చేతులకే దండం పెట్టుకోవాలని, పుట్టబోయే పిల్లలకు వాటినే చూపించాలని ఆ పిల్ల బాధ. నేనొకప్పుడు ఫొటోలు తీసేవాణ్ణి కాబట్టి నా పెట్టెలో వాళ్ళమ్మ ఉన్నది ఉన్నట్టుగా కనిపించే ఫొటో ఒక్కటైనా దొరకకపోతుందా అని ఆశ.

నా తరం వాళ్ళకు రీలు సంగతి చెప్పనక్కర్లేదు. పదో తరగతితో చదువు ఆపేసి నేను జగిత్యాలలో మా మేనమామ ఫొటోస్టూడియోలో చేరాను. పెళ్ళిళ్ళ కాలంలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాణ్ణి, సిరిసిల్ల వైపు పెళ్ళిళ్ళు ఎక్కువగా నా వంతుకే వచ్చేవి. రీలుకు ముప్పై ఆరు ఫ్రేములు; జాగ్రత్తగా ఎక్కిస్తే ముప్పై ఏడు. అప్పగింతలు అయిపోయేసరికి ఎంత లెక్కగా తీసినా చివరి రీలులో నాలుగో అయిదో మిగిలిపోయేవి. అవి ముగిస్తే గాని రీలు కరీంనగర్ ల్యాబుకు పోదు, ఉత్తగా తిప్పేసి పంపితే మామ ఊరుకోడు. అందుకని పెళ్ళి మరునాడు సిరిసిల్లలో అక్క ఇంట్లో తిని పడుకుని, లేచి, ఆ మిగిలిన ఫ్రేములను అక్కడే ఏదో ఒకటి తీసి ముగించి సాయంత్రం జగిత్యాల బస్సెక్కేవాణ్ణి.

అక్క వాళ్ళది సాంచాల వాడలో రెండు గదుల పెంకుటిల్లు. సాంచాలంటే మా వైపు కరెంటు మగ్గాలు. బావ వాటి మీద పని చేసేవాడు. ఆ వాడ అంతా పగలూ రాత్రీ అదే చప్పుడు, ఎంత అలవాటంటే కరెంటు పోయి అది ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఆ రెండు గదుల్లో ఫొటో తీయడానికి ఏముంటుంది? మొదటిసారి నీళ్ళకుండ తీశాను, రెండోసారి దండెం మీది చీర. తర్వాత తీయడానికి ఏమీ మిగల్లేదనిపించింది. అప్పుడు, వేరే దారి లేక, చూడటం మొదలుపెట్టాను. పొయ్యి రాజేస్తే పొగ లేచి పెంకుల సందులోంచి దిగే ఎండలో నిలువు కర్రలాగా నిలబడటం చూశాను. కిటికీ ఊచల నీడ పొద్దున గచ్చు మీద ఉండి, మధ్యాహ్నానికి గోడెక్కి, సాయంత్రానికి సన్నబడి మాయమవటం చూశాను. బావ చొక్కా మీద అంటుకు వచ్చిన దూది నూగు, ఎండకు ఎదురుగా పెడితే, చొక్కా చుట్టూ తెల్లటి అంచులాగా వెలిగేది. ఎన్నిసార్లు వెళ్ళినా అదే ఇల్లు, అయినా ఎప్పుడూ కొత్తదేదో ఒకటి దొరికేది.

నా కెమెరాలో వెలుగు కొలిచే ముల్లు అది నా చేతికి రాకముందే పాడైపోయింది, అందుకని అన్నీ నోటి లెక్కలే. కిటికీకి దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుందని నాకు పుస్తకాలేవీ చెప్పలేదు, పాడైన ఫిల్ములే చెప్పాయి. అడుగులతో కొలుచుకుని, సున్నం గోడ ఎంత వెలుగు తిప్పి కొడుతుందో కలుపుకుని, తునికాకు ఎంత మింగేస్తుందో తీసేసుకుని అప్పుడు బటన్ నొక్కేవాణ్ణి. ఆ అలవాటే ఇప్పుడు కూడు పెడుతోంది; స్టూడియో మూతపడ్డాక కోరుట్లలో ఇళ్ళు కట్టేవాళ్ళకు ఇటుకలూ సిమెంటూ ఎంత పడతాయో లెక్క కట్టి ఇస్తున్నాను.

ల్యాబు నుంచి ఫొటోలు వచ్చాక పెళ్ళికూతురి పక్కనే పొగా, కుండా, గోడా కనిపిస్తే మామ ఫొటో తిప్పి తిప్పి చూసి, “అరె, గీ గోడ అచ్చి ఫొటో కొనుక్కుంటదారా? దానికి కూడ ఆల్బం కుట్టియ్యాల్నా?” అని స్టూడియోలో కూర్చున్న పెళ్ళివాళ్ళ ముందే అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి.

అక్కను ఎందుకు తీయలేదని ఇప్పుడెవరైనా అడగవచ్చు. తీయనిస్తేగా! మా ఇళ్ళల్లో ఫొటో అంటే స్నానం చేసి, పౌడరు రాసుకుని, మంచి చీర కట్టుకుని తెర ముందు నిలబడటం. పనిలో ఉన్న మనిషికి ఫొటో ఏమిటి? గోడకు వీపు ఆనించి, ఒళ్ళో చాట పెట్టుకుని, కళ్ళు ఎటో ఉన్నా చేతులు మాత్రం చాటలోనే ఉండి బీడీలు చుట్టే అక్క, నేను కెమెరా మూత తీసిన చప్పుడుకే లేచి నిలబడేది. “ఆగు తమ్మీ, ఆగు, నన్ను లేవనియ్యి. గీ మాసిన చీరల నన్ను తీసి జగిత్యాలంత చూపెడ్తవా? తీస్తె గా చాటనే తియ్యి, అది నాకంటె మంచిగున్నది.” అని లోపలికి వెళ్ళి చాయ్ పెట్టేది. నేను చాట తీసేవాణ్ణి. పండుగనాడు మంచిగా తీస్తానులే అనుకునేవాణ్ణి. పండుగనాడు ఇంటి నిండా జనం, కెమెరా ఇంకెవరి ఇంట్లోనో ఉండేది.

కోడలు వెళ్ళిపోయాక అటక మీంచి ఇనుపపెట్టె దింపాను. చెమ్మకు సగం నెగెటివులు ఒకదానికొకటి అతుక్కున్నాయి, విడదీయబోతే రంగు పొర ఊడి వచ్చింది. మిగిలినవి ఒక్కొక్కటీ కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తూ మూడు మధ్యాహ్నాలు గడిపాను. పేర్లు మర్చిపోయిన పెళ్ళికూతుళ్ళు, ఇప్పుడు లేని పెద్దలు, గల్ఫుకు పోయి మళ్ళీ ఊరి ముఖం చూడని ఒకరిద్దరు పెళ్ళికొడుకులు, ప్రతి పెళ్ళి చివరా అక్క ఇల్లు. అక్క మాత్రం లేదు. చాట ఉంది, కత్తెర ఉంది, ఊగుతూ ఆగిన తలుపు పరదా ఉంది. ఒకదాంట్లో గుమ్మం దాటుతున్న చీర అంచు, మసకగా. అన్నిట్లోనూ ఆమె అప్పుడే లేచి వెళ్ళింది.

ఒక ముక్కలో మాత్రం అక్క కూర్చునే చోటు నిండుగా వచ్చింది. పరిచిన గోనెసంచి, దాని మీద సగం నిండిన చాట, చుట్టడం మధ్యలో ఆపిన బీడీ ఒకటి, వెనక గోడ. నెగెటివులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనిపిస్తాయి కదా, ఆ గోడ నల్లగా ఉండి, దాని మీద చాటకు పైన గుండ్రంగా, దీపం పెట్టినట్టు ఏదో వెలుగుతోంది. చెమ్మ తినేసిందనుకున్నాను. అయినా అంతకంటే బాగున్నది మరొకటి దొరకలేదు.

పట్టుచీర పటం చేసిన జగిత్యాల షాపుకే దాన్ని తీసుకువెళ్ళాను, రీళ్ళను కంప్యూటర్లోకి ఎక్కించే యంత్రం అక్కడే ఉంది. షాపాయన మర్యాదస్తుడు. మనిషి లేని ఫొటో పెద్దది చేయించడం ఎందుకని అడగలేదు. తెర మీద రంగులు సరిచేశాక గోడ తెల్లబడి, నేను దీపమనుకున్నది గోధుమరంగు మరకగా తేలింది. “సార్, గోడ ఖరాబుగున్నది, సాఫ్ చేస్త. దీనికి పైసలేం వద్దు,” అన్నాడు. మంచిదే అన్నాను. రెండు నిమిషాల్లో గోడ సున్నం వేసినంత తెల్లగా అయింది, ప్రింటు చేతికి వచ్చింది.

దాన్ని తీసుకుని సిరిసిల్ల వెళ్ళాను. ముందే చెప్పి ఉంచినందువల్ల కోడలూ వచ్చింది. ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. బావ పక్క వీధిలో ఒక కొత్త ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. సాంచాలు చాలావరకు ఆగిపోయి ఆ వాడలో మాట్లాడితే మాట వినిపించేంత నిశ్శబ్దం. తను చేయించిన పటం వద్దంటున్నామని బావ నామీద విరుచుకుపడతాడనుకున్నాను గాని, గొంతు తగ్గించి అన్నాడు. “బామ్మర్దీ, నా బతుకంత బట్ట నేసిన. దానికి ఒక్క పట్టుచీర కొనియ్యలేదు. నువ్వన్న చెప్పు నీ కోడలికి. గీ ఫొటోలనన్న దాన్ని కట్టుకోనియ్యున్రి.”

తెచ్చిన ఫొటోను దాచేద్దామా అనుకున్నాను గాని, ఆయనే చెయ్యి చాపి తీసుకుని వెలుగు కోసం గుమ్మంలోకి జరిగాడు. చాలాసేపు చూశాడు.

“గిది మా ఇల్లు కాదు.”

మీ ఇల్లే బావా, నేను తీసిందే అన్నాను.

“చాట గదే, గోనెసంచి గదే. గోడ మాది కాదు. మా గోడ గింత తెల్లగ ఎన్నడున్నది? మీ అక్క తలకాయ మరక ఏది?”

అప్పుడు చెప్పాడు. మెడ పట్టేసినప్పుడల్లా అక్క తల వెనక్కి వాల్చి గోడకు ఆనించేది. తలనూనె అంటి అంటి అక్కడ గుండ్రంగా మరక కట్టింది. “దసరాకు సున్నమేస్తె దీపావళికి మల్ల అచ్చేది. నీ నూనె అంత గోడే తాగుతున్నదే అంటె, గోడన్న నా దిక్కున్నది, నువ్వు సాంచ మొకమే సూస్తవు అనేది.” అని నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కోడలు గోడవైపు తిరిగి కూర్చుంది.

మరునాడు మళ్ళీ జగిత్యాల వెళ్ళి, సాఫ్ చేయని ఫొటోనే ప్రింటు తీయించి పటం కట్టించాను. షాపాయన నన్ను వింతగా చూశాడు.

సంవత్సరీకం నాడు ముందు వరండాలో కుర్చీ వేసి, పట్టుచీర పటమే పెట్టారు. పెట్టమని చెప్పింది కోడలే. చుట్టాలు వచ్చి పూలు వేసి, ఎంత కళగా ఉందో అనుకుని, భోజనాలు చేసి వెళ్ళారు. అందరూ వెళ్ళాక బావ లోపల గదిలో గోడకు పెట్టిన రెండో పటం ముందు నిలబడ్డాడు. పటానికి బొట్టు పెట్టాలి. ముఖం లేని పటానికి ఎక్కడ పెట్టాలి? గోనెసంచికీ మరకకూ మధ్య దూరం బట్టి నుదురు ఎక్కడికి వస్తుందో నా మనసు అలవాటుగా లెక్క వేస్తూనే ఉంది. లెక్క తేలకముందే ఆయన వేలితో కుంకుమ తీసి అద్దం మీద, మరక నడుమ పెట్టేశాడు. పెట్టి, ఆ ఫొటోలో కిటికీ ఊచల నీడ ఎంతవరకు ఎక్కిందో చూసి, “గిది నేను చాయ్ తాగ అచ్చే యాళ్ళ. లోపల పొయ్యి కాడున్నది,” అన్నాడు, మాకు చెప్పినట్టు కాదు.

అప్పట్లో నేను ఆ ఫ్రేములో తీసింది చాట మీద పడ్డ ఎండను. కిటికీ ఎంత దూరమో, సున్నం ఎంత వెలుగు ఇస్తుందో అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. మరకను మాత్రం గోడకు పట్టిన మురికి అనుకుని లెక్కలోంచి తీసేశాను. ఎరిగిన ఇంట్లో కొత్తవి వెతకడం నాకు వచ్చని అనుకునేవాణ్ణి. వచ్చిందో లేదో ఇప్పుడు తెలియదు. ఈ రోజుల్లో ఎవరూ ఫ్రేములు మిగుల్చుకోరు, ఎవరూ ఫొటో అంటే లేచి వెళ్ళరు. కోడలి ఫోనులో ఒక్క పండుగవే ఎన్నో ఉన్నాయి, ఆ పిల్ల కూడా వాటిని మళ్ళీ తెరిచి చూడదు.

పాత ఇళ్ళు కూలగొట్టే ముందు కొలతలకు నన్ను పిలుస్తుంటారు. ఈమధ్య టేపు పట్టకముందు గోడల వెంట ఒకసారి నడుస్తున్నాను. మనిషి కూర్చుంటే తల తగిలే ఎత్తున ఎక్కడైనా మరక కనిపిస్తే ఫోనులో ఒక ఫొటో తీసుకుంటాను. ఇంటివాళ్ళు నవ్వుతారు. సాయంత్రం ఇంటికి వచ్చి మా గోడలు కూడా చూసుకున్నాను. పోయినేడు నేనే లెక్క కట్టి, దగ్గరుండి పుట్టీ పెట్టించి, తడిగుడ్డతో తుడిస్తే పోయే రంగు వేయించాను. ఏ మూలా చిన్న మరక లేదు.