ఎడమ కాలి మీద దిగిన ఒలేనా

ఒలేనా ట్రీట్‌మెంట్ టేబుల్ మీద నుంచి నవ్వుతూ కిందికి దూకింది. ఎడమ కాలి మీద దిగింది. నేను ఆమె కుడి కాలి వైపు చూశాను.

అది 2024 చలికాలం. మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మంచు మీద స్కేటింగ్ చేసే ఐస్ రింక్ పక్కనున్న క్లినిక్‌లో నేను ఫిజికల్ థెరపిస్ట్‌ని. ఒలేనా యుక్రెయిన్ ఫిగర్ స్కేటర్. పేరు మార్చి రాస్తున్నాను. పందొమ్మిదేళ్లు. యుద్ధంలో వాళ్ల ఊరి రింక్ కూలిపోయాక ఇక్కడికొచ్చి సాధన చేస్తోంది. మరో వారంలో పోటీ. అందులో రాణిస్తేనే ప్రపంచ పోటీలకు వెళ్లే తన దేశపు జట్టులో చోటు. మా దగ్గరకు వచ్చింది మాత్రం నడుము పట్టేసిందని.

ఎడమ వైపు తిరిగే స్కేటర్లు దాదాపు ప్రతి జంప్‌లోనూ కుడి కాలి మీదే దిగుతారు. ఒలేనాకు అది ఎంత అలవాటంటే, టేబుల్ దిగినా కుడి కాలే ముందు పడేది. ఆ రోజు పడలేదు.

“కుడి పాదం చూపించు” అన్నాను.

“నొప్పి నడుములో, సింధూ! పాదానికి ఇంకో బిల్లు వేస్తారా?”

పాదం పైన, మధ్యలో ఉండే చిన్న ఎముక మీద వేలితో నొక్కాను. ఆమె నవ్వు ఆగిపోయింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అని అనుమానం వచ్చింది. అంటే ఒక్క దెబ్బకు విరగడం కాదు, పదే పదే పడే బరువుకు ఎముకలో సన్నని చీలిక రావడం. ఆ ఎముక అంత తేలిగ్గా అతకదు. దాని మీదే దూకుతూ పోతే రెండుగా విడిపోవచ్చు. ఇక స్కేటింగే ఉండకపోవచ్చు.

“ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావు?”

“పాదానికి టేప్ వేసేయండి. ఒక్క వారం చాలు నాకు.”

“వెయ్యను. డాక్టర్‌కి కాల్ చేస్తున్నా.”

“యుక్రెయిన్‌లో మా ఊళ్లో కరెంటు ఉండదు. నా ప్రోగ్రాం చూడాలని మా అమ్మ ఫోన్ చార్జింగ్ దాచుకుంటోంది” అంది.

నా అనుమానం తప్పైతే? ఒక పిల్ల బతుకులో ఆ వారం మళ్లీ రాదు. అయినా డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఎంఆర్ఐ తీశారు. సాయంత్రానికి చీలిక ఉందని తేలింది. ఒలేనా పోటీ నుంచి తప్పుకుంది.

“నన్ను ఎముక ఆపలేదు, మీరు ఆపారు” అని వెళ్లిపోయింది.

నెలల తర్వాత మళ్లీ ఐస్ ఎక్కింది. చిన్న చిన్న జంప్‌లతో మొదలుపెట్టింది. జట్టులో చోటు మాత్రం వేరొకరికి పోయింది. నొప్పి ఉందని చెబితే ఏం పోగొట్టుకోవాలో బాగా తెలిసినవాళ్లే దాన్ని దాస్తారని ఆ కేసుతో నాకు అర్థమైంది.

ఆమె అలా వెళ్లిపోయిన రాత్రి, నిద్రపోతున్న నా పిల్లల పాదాలు ఒక్కొక్కటే నొక్కి చూశాను. మర్నాడు పొద్దున పాలతో సీరియల్ తింటున్న మేఘకి, రోహన్‌కి చెప్పాను: “ఎక్కడ నొప్పి పుట్టినా వెంటనే అమ్మకి చెప్పాలి.”

అదే రింక్‌లో స్కేటింగ్ నేర్చుకుంటున్న మేఘ చెంచా ఆపింది. “చెప్తే నా ఐస్ షో క్యాన్సిల్ చేస్తావా, మమ్మీ?”

చెయ్యనన్న అబద్ధం నాలుక దాకా వచ్చింది.

“చెయ్యాల్సి రావచ్చు. అప్పుడు నా మీద ఎంతైనా కోప్పడు. నొప్పి మాత్రం దాచకు.”