ఒక్క నొక్కుతో మారిన పేర్లు

కంప్యూటర్ తెర మీద "అన్ని ఫైళ్ళ పేర్లూ మార్చమంటారా?" అన్న ప్రశ్న కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. అడిగే తీరు చూడండి, ఎంత వినయమో! హోటల్లో సర్వరు "ఇంకో ఇడ్లీ వెయ్యమంటారా?" అన్నట్టుంటుంది. ఆ వినయానికి పడిపోయి "ఔను" నొక్కాను. దాని ఫలితంగా మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు పెద్దలందరూ ఒకే సాయంత్రం, ఒకే హాల్లో, ఒకే మనిషి మీద విరుచుకుపడ్డారు. ఆ ఒకే మనిషి ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

రిటైరైన పెద్దలకి, వాళ్ళ ఇల్లాళ్ళకి సన్మానం చెయ్యాలని మా కాలనీ తెలుగు సంఘం నిర్ణయించింది. మా నాన్న ఆ సంఘానికి కార్యదర్శి. శాలువాలు అందరూ కప్పేవే కదా అని, ఒక్కొక్కరికీ ఒక చెక్క ఫలకం ఇద్దామన్నారు. ఫలకం మీద ఆ మనిషి ఫోటో, కింద తెలుగులో పేరు, హోదా. నేను అప్పుడే కొత్త కెమెరా కొన్నాను. కొత్త కెమెరా కొన్నవాడి సంగతి మీకు తెలిసిందే, పిల్లికి కూడా "కాస్త గడ్డం పైకెత్తండి" అని చెబుతాడు. పని నాకే అప్పగించారు.

హాల్లో గోడకి నీలం దుప్పటి కట్టి, ముందు ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ వేశాను. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి కూచునేవారు. పక్కనే మా మేనత్త రవణమ్మ నిలబడి, కూచున్నవాళ్ళ పేరూ హోదా అదే వరసలో ఫోనులో టైపు చేసేది. స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ వరసలో పొరపాటు వెతకడం పట్టాలు వంకరగా ఉన్నాయేమోనని వెతకడం లాంటిది.

ఆ పేర్లన్నీ నాకు పంపి, "ఒరే కిరణూ, ఒక్కో ఫోటో తెరిచి, మొహం చూసి, పేరు రాయి. తెలిసిందేటి?" అంది.

"అచ్ఛా అత్తా! నువ్వు ఏ జమానాలో ఉన్నావు? ఒక్క నొక్కుతో అయిపోద్ది."

"నొక్కితే అయిపోయేది డోరుబెల్లురా. ఇవి మనుషుల పేర్లు."

నేను పకపకా నవ్వాను. అదే నా ఆఖరి నవ్వు.

ఫోటోలు సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటి నా దగ్గరుంది. అందులో పేర్లన్నీ వరసగా అతికిస్తే, ఫోటోలకి అదే వరసలో తగిలించేస్తుంది. అతికించాను. పక్కన చిన్న పసుపు అక్షరాల్లో "ఒక ఫైలుకు పేరు లేదు" అని ఏదో వచ్చింది. పట్టించుకోలేదు. నన్నడిగితే అలాంటి మాట ఎర్ర దీపంలా వెలగాలి, కూత పెట్టాలి, నా చెయ్యి పట్టుకుని లాగాలి. అంతేగానీ ఆ మూల నక్కి గొణగడమేమిటి? "ఔను" నొక్కాను. కనురెప్ప వేసేలోగా పని పూర్తి.

పోనీ ఒకసారి చదివి చూసుకోవచ్చు కదా అంటారు. చదవడమే నా జబ్బు. చిన్నప్పటినుంచీ హిందీ స్కూలు. అప్పట్లో నా తెలుగు చదువు మా పక్కనున్న కోటా వైపు పోయే పాసింజరు బండిలా ప్రతి అక్షరం దగ్గరా ఆగి ఆగి నడిచేది. ఎవడు చదువుతాడులే అని పెన్ డ్రైవు జేబులో వేసుకుని, స్కూటీ మీద పక్క పేట తోర్వా వెళ్ళి, ఫలకాల షాపులో ఇచ్చేశాను. ఫైలు పేరు ఏదుంటే ఫోటో కింద అదే అచ్చవుతుంది. షాపాయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఫలకాలన్నీ రంగుకాగితాల్లో చుట్టి, ఒక్కోదాని మీదా నంబరు వేసి, సరిగ్గా వేళకి హాలుకి పంపించాడు.

ఇక వేదిక. మొదటి ఫలకం సంఘం అధ్యక్షులు అప్పలస్వామి గారిది. డివిజన్ ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన నడిచొస్తుంటే ఫ్యాన్లు కూడా నెమ్మదిగా తిరుగుతాయి. నాన్న మైకులో, "కాగితం విప్పి అందరికీ చూపించండి సార్!" అన్నారు.

ఆయన విప్పారు. పైకెత్తి సభకి చూపించారు. నిలువెత్తు హుందాతనం, మొహం మీద చిరునవ్వు. చేతిలోని ఫలకం మీద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. దాని కింద బంగారు అక్షరాలతో "శ్రీ అప్పలస్వామి, అధ్యక్షులు".

వెలుతురు సరిచూసుకోవడానికి మొట్టమొదట ఖాళీ కుర్చీకి ఒక ఫోటో తీశాను. తుడిచెయ్యడం మరిచిపోయాను. అధ్యక్షుల పేరు కుర్చీకి పోయింది, ఆయన తరవాతివాళ్ళ పేరు ఆయనకి పోయింది, అలా చివరిదాకా అందరూ ఒక్కో పేరు ముందుకి జరిగిపోయారు.

హాల్లో వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పలస్వామి గారు ఫలకాన్ని తనవైపు తిప్పి చూసుకున్నారు. "సెక్రెటరీ గారూ, అంటే ఏటి మీ ఉద్దేశం? ఇన్నాళ్ళూ నేను ఊరికే కూచున్నాననా?" అన్నారు.

"కాదు సార్, ఏదో పొరపాటు..." నాన్న గొంతు మైకులో కీచుమంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కింద కూచున్నవాళ్ళకి కంగారు పుట్టి, బల్ల మీది పొట్లాలన్నీ పరపరా చించి, ఎవరి మొహం ఉన్నది వాళ్ళు లాక్కున్నారు. రెండో వరసలోంచి ఒక కేక లేచింది. సింహాద్రి మావయ్య, రిటైర్డు గార్డు. ఆయన మీసం మా కాలనీలో సిగ్నలు స్తంభం తరవాత అంత ప్రసిద్ధి. ఫలకం మీద ఆ మీసం కింద, "శ్రీమతి వరహాలమ్మ, శ్రీ పైడిరాజు గారి భార్య" అని ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పైడిరాజు గారు రిటైర్డు డ్రైవరు. సర్వీసంతా ఆయన బండికి ముందు, సింహాద్రి మావయ్య బండికి వెనక. బండి ఆలస్యమైతే తప్పు ముందువాడిదా, వెనకవాడిదా అని మొదలైన తగువు రిటైరయ్యాక కూడా తెగలేదు. ఆయనకి ఈయన భార్య!

"ఎవుడ్రా ఇది రాసింది? ఆ గుంటడేడి? ఇలా రమ్మను!" మావయ్య ఫలకాన్ని గొడ్డలిలా పట్టుకుని లేచాడు.

"నాకొద్దీ పెళ్ళాం!" అని అటునుంచి పైడిరాజు గారు అంతకంటే గట్టిగా అరిచారు.

చివరి ఫోటో మా నాన్నది. దానికి పేరు మిగల్లేదు. కన్నకొడుకు చేయించిన ఫలకం మీద కెమెరా వేసిన నంబరు మాత్రమే ఉంది, గూడ్సు పెట్టె మీద ఉన్నట్టు. నాన్న దాన్ని చూసి నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. రవణమ్మత్త మాత్రం ఒక్క మాటే అంది: "డోరుబెల్లు నొక్కీసేవు కదా, ఎల్లి తలుపు తియ్యి."

మర్నాడు నా కోపమంతా మోసుకెళ్ళి షాపాయన మీద కుమ్మరించాను. "కుర్చీకి ఎవరైనా సన్మానం చేస్తారా భయ్యా? అనుమానం రాలేదా?"

"ఫైల్ మే జో థా, వహీ ఛాపా," అన్నాడు హిందీలో తొణక్కుండా, ఫైల్లో ఉన్నదే అచ్చేశానని. "పెద్దవాళ్ళ సంగతి మాకేం తెలుసు? కుర్చీకి పూజ చేస్తారేమో అనుకున్నా."

గొడవపడ్డాం. అతనే గెలిచాడు. ఇంటికొచ్చాక అత్త నా పక్కన కూచుని, ఒక్కో ఫోటో తెరిపించి, ఒక్కో పేరూ నా చేత పైకి చదివించి, నా చేతే టైపు చేయించింది. ఒత్తు తప్పితే మొట్టికాయ. మీసాలొచ్చినవాడినని కూడా చూడలేదు. కొత్త ఫలకాలు తయారయ్యాక ఇంటింటికీ నన్నే తిప్పింది. క్షమాపణ చెప్పడం, తిట్లు తినడం, పాతది వెనక్కి తీసుకోవడం.

ఆఖర్న తోర్వాలో పైడిరాజు గారిల్లు. ఆయన తన కొత్త ఫలకం అందుకుని చల్లబడ్డారు. వరహాలమ్మ గారికి ఆవిడది ఇచ్చి, "పాతది ఇచ్చెయ్యండి పిన్నీ," అన్నాను.

"ఇవ్వను," అంది ఆవిడ.

గోడ మీద చూశాను. అప్పుడే మేకు కొట్టి తగిలించేసింది. ఆవిడ నవ్వుమొహం, కింద "శ్రీ పైడిరాజు, రిటైర్డు లోకో పైలట్".

"అది తప్పు పిన్నీ."

"ఏది తప్పురా?" ఆవిడ గొంతు ఒక్కసారిగా లేచింది. "నువ్వు తెచ్చిన ఒప్పేటో చదువు! 'పైడిరాజు గారి భార్య'. అదా నా హోదా? ఈయన ఏ ఝాముకి డ్యూటీకెళ్తే ఆ ఝాముకి నేనూ లేచేను. డబ్బా కట్టేను, పిల్లల్ని గొంతెత్తకండా పెంచేను, పగలు ఈయన నిద్దరోతే వీధిలో కాకిని కూడా అరవనిచ్చేను కాను. బండి నడిపింది ఈయనొక్కడేనా? సన్మానం ఎవులికి చేసేరురా మీరు?"

ఆవిడ కోపం ముందు హాల్లో వాళ్ళ కోపాలన్నీ పిల్లలాటలే.

పైడిరాజు గారు నసిగారు. "అది కాదే, నా పేరు కింద నీ మొగమేటి? వచ్చినోళ్ళు ఏటనుకుంతారు? తీసీ. ముందు కుర్రాడికి టీ ఎట్టు."

వరహాలమ్మ గారు వెళ్ళి ఆయన పడక్కుర్చీలో వాలింది. కాళ్ళు బారచాపింది. గోడ మీది ఫలకం వైపు వేలు చూపించింది.

"నాను పైడిరాజుని. ఇప్పుడే ఇంజన్ దిగొచ్చేను. నడుం పట్టీసింది. నువ్వే ఎట్టు. నాకూ తే."

పైడిరాజు గారు ఆవిడని చూశారు, నన్ను చూశారు, నేను కనుక లేకపోతే ఏమనేవారో నాకు తెలియదు. పళ్ళు నూరుకుంటూ వంటింట్లోకి నడిచారు. లోపల గిన్నెలన్నీ ఆయన తరఫున మాట్లాడాయి. ఆ టీలో పంచదార లేదు, అల్లం మాత్రం ఏడాదికి సరిపడా ఉంది. కిక్కురుమనకుండా తాగాను. ఆవిడ మాత్రం "బాగుంది, రేపు ఇలాగే ఎట్టు," అంది.

కాబట్టి పాఠకులారా, కుడిచెయ్యి మౌస్ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ ఫోటోకీ గుంపులో పేరు పెట్టను. మొహం చూస్తాను, పేరు అడుగుతాను. హోదా మాత్రం ఆ మనిషినే అడిగి, ఆడవాళ్ళదైతే భర్త బయటికెళ్ళాక రాస్తాను.