మందు చల్లిన గడ్డి

2002 ఆగస్టు 28, బుధవారం, పొద్దున ఏడుంబావు. మా నాలుగో మడిలో గుళికల మందు చల్లడం అప్పుడు మొదలైంది. అందులో భయపడవలసింది ఉందని ఆ వేళ నాకు తోచలేదు. తర్వాత పట్టుకున్న భయం మాత్రం ఉద్యోగం వదిలినా నన్ను వదలలేదు.

అనంతపురం పక్కన, విశ్వవిద్యాలయం వారి పచ్చిక పరిశోధన కేంద్రంలో నేను క్షేత్ర సహాయకురాలిని. తక్కువ నీళ్లతో బతికే పచ్చిక ఏదో తేల్చడం మా పని. గుత్తి కోట గుట్ట మీది గరిక, గుమ్మఘట్ట వైపు గట్ల మీది గరిక తెచ్చి మళ్లలో నాటి, ఒక్కో మడికి కొలిచి నీళ్లు పెట్టి, వారానికోసారి మిషనుతో కోసి, కోసినదాన్ని తూకం వేసేవాళ్లం. బడుల ఆటస్థలాల్లో పచ్చిక పరచడం తోటమాలులకు నేర్పేవాళ్లం. వాన కొలత, నీళ్ల కొలత, గడ్డి తూకం రాసేది నేనే.

ఊళ్లో వాళ్లకు ఇది నవ్వులాట. చేన్లో కనబడితే వేళ్లతో సహా తవ్వి గట్టు మీద ఎండేసే గరికకు బోరు నీళ్లు పెడుతున్నామాయె. ఒక ముసలాయన కంచె దగ్గర ఆగి అడిగేవాడు.

"ఏమమ్మా, గొడ్డు తినకూడదు, మనిషి తొక్కకూడదు. మరి ఎవురికి ఈ గడ్డి?"

చూసేదానికి అని అన్నాను ఒకసారి.

"అట్లయితే మా గొడ్లు గూడా చూస్తాండాయిలే" అని పోయినాడు.

ఆ ఏడు అది నవ్వులాట కాకుండా పోయింది. వాన రాలేదు. వేరుశనగ పూత మీదే మాడిపోయింది. కనుచూపు మేరలో పచ్చగా ఉన్నవి మా మళ్లే. సాయంత్రానికి ఆవులు కంచె పొడుగునా వచ్చి నిలబడేవి. అరిచేవి కావు. ముట్టెలు తీగలకు ఆనించి ఊరికే చూసేవి. వాటి వెనక మనుషులు కూడా అలాగే నిలబడేవారు. గేటుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, వెనక్కి తిరగకుండా ఇంటికి నడిచేదాన్ని.

తూకం అయిన కోతగడ్డిని వెనక గేటు బయట పోయడం మా అలవాటు. ఎవరు ముందొస్తే వాళ్లు మోపు కట్టుకుపోయేవారు. అందరికన్నా ముందుండేది ఒక ఆవులామె. మొగుడు పోయాడు. మిగతా గొడ్లను సంతకు తోలేసి, రెండు ఆవులనూ ఒక పెయ్యనూ ఉంచుకుంది. ఒక ఆవు పాలిస్తోంది, ఇంకొకటి చూలుతో ఉంది. రోడ్డు మీది టీ అంగడికి పోసే ఆ పాలే ఆమె ఇంటికి ఆధారం.

చుట్టూ నేల ఎండిపోయేసరికి వేరుపురుగంతా తడి ఉన్న మా మళ్లలోకి చేరింది. వేళ్లు తెగిన పచ్చిక చాప చుట్టినట్టు చేతికి వచ్చేది. మా సారు కోస్తా జిల్లాల మనిషి, జాగ్రత్త ఎక్కువ. గుళికలు చల్లించి నీళ్లు కట్టించాడు. కూలీల చేతులు తానే నిలబడి సబ్బుతో కడిగించాడు. ఆ మడి గడ్డిని బయట పోయకుండా పాతిపెట్టడానికి గుంట తవ్వించాడు. బోర్డు కూడా రాయించాడు: "మందు చల్లిన గడ్డి. కోయరాదు." అందరం చదివాం. ఎవరికీ అందులో లోపం కనబడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే నాలుగో మడి మూల కోసేసి ఉంది. మిషను కోత సమంగా ఉంటుంది. ఇది పిడికిలికొక మెట్టుగా దిగిన కొడవలి కోత. పక్కన కంచె తీగ పైకి ఎత్తి ఉంది.

సారు టిఫిన్ మూత తీస్తుండగా చెప్పాను. మూత అక్కడే పడేసి, పశువుల డాక్టరును తీసుకొస్తానని జీపు ఎక్కాడు. నేను ఊళ్లోకి నడిచాను. దారి పొడుగునా అక్కడక్కడ పచ్చి గరిక పోచలు రాలి ఉన్నాయి. అవి ఏ ఇంటి వైపు తిరుగుతాయో నాకు ముందే అనిపించింది. కాకూడదని చూస్తూ నడిచాను. సాయంత్రం పాలు అంగడికి పోయే వేళ దగ్గరపడుతోంది. పోచలు ఆవులామె దొడ్డి దగ్గర ఆగిపోయాయి.

ఆమె నీళ్ల కుండతో ఎదురొచ్చింది. పాలావు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. నోటి నుంచి చొంగ తీగలుగా నేలకు జారుతోంది. తొడల కండ అదురుతోంది. పెయ్య అప్పటికే పక్కకు వాలిపోయింది. చూలావుకు చొంగ అప్పుడే మొదలవుతోంది.

"ఎండ దెబ్బేమో అక్కా. కడుపునిండా మేసినాయి, ఇప్పుడు ఇట్లయితాండాయి."

పాలు పిండావా అని అడిగాను. ఇంకా లేదంది. పిండినా ఎవరికీ పోయొద్దని చెప్పి, బోర్డు చూడలేదా అన్నాను.

"సూసినా. నాకు సదువు రాదు. గేటు కాడ మీ వాచ్‌మన్ అన్నను అడిగితే, మందు చల్లినారు, కోయొద్దంటాండారని చదివినాడు."

"మరి యాల కోస్తివమ్మా?"

"మందు చల్లినారంటే యూరియా అనుకుంటి. గడ్డి బలంగా ఉంటాదని ఆడికే పోయినా. మేము పురుగు మందు కొడతాం, బలం మందు చల్లుతాం. మీరు పురుగు మందు చల్లుతారని నాకేం తెలుసు?"

మా నాయన కూడా యూరియా మూటను మందు మూట అనేవాడు. ఆ మాట వింటూ పెరిగిన నేను ఆ బోర్డు కింద నుంచి మూడు రోజులు తిరిగాను.

జీపు వచ్చేసరికి పెయ్య చచ్చిపోయింది. డాక్టరు తెచ్చిన సూదిమందు రెండు ఆవులకూ చాలదు. చూలావు కనుపాపలు చూసి, ఇది నిలబడేట్టుందని మందంతా దానికే ఎక్కించాడు. పాలావు మోకాళ్ల మీదికి దిగింది. ఆమె దాని తలను తన తొడ మీద పెట్టుకుని, చొంగను కొంగుతో తుడుస్తూ కూర్చుంది. చీకటి పడకముందే అది పోయింది. సారు గోడకు ఆనుకుని, విషం అని రాయాల్సింది, విషం అని రాయాల్సింది అని తనలో తనే అంటున్నాడు.

మర్నాడు బోర్డు మీద విషం అని రాసి పుర్రె బొమ్మ వేయించాం. సాయంత్రానికి ఆవులు మళ్లీ వచ్చి కంచె దగ్గర నిలబడ్డాయి. ముట్టెలు లెక్కపెట్టుకున్నాను. ఆ పూట మొదలు ప్రతి సాయంత్రం లెక్కపెట్టాను. ఒకటి తక్కువైతే నిద్ర పట్టేది కాదు. ఆవులామె మాత్రం ఆ కంచె వైపు మళ్లీ రాలేదు.

పోయినవి: పాలావు ఒకటి. ఆరు నెలల పెయ్య ఒకటి. బతికిన ఆవు కడుపులోని దూడ ఒకటి, తొమ్మిదో రోజున. టీ అంగడికి రోజూ పాలు పోసే వాడుక. నాలుగో మడిలో కోసిన గడ్డి ఒక మోపు. అది ఇరవై రోజుల్లో మళ్లీ వచ్చింది కాబట్టి లెక్కలో వేయలేదు.