టార్నీట్ నుంచి కాన్‌బెర్రాకి, ఒక బాయిలర్ ఆపించడానికి

నడి చలికాలమైన జూలై నెలలో కాన్‌బెర్రాకి సరదాగా వెళ్ళేవాళ్ళుంటారంటే నేను నమ్మను. నేను వెళ్ళింది ఒక బాయిలర్ ఆపించడానికి. ఆపేది నేను కాదు. ఆపేవాడి పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కోవడం నా వంతు.

ఆఫీసు భవనాల కరెంటు, గ్యాసు వాడకం తగ్గించి, అవి గాల్లోకి వదిలే కార్బన్‌కి కోత పెట్టడం మా కంపెనీ పని. కాన్‌బెర్రాలో ఒక మూడంతస్తుల ఆఫీసుని వెచ్చగా ఉంచే పాత గ్యాస్ బాయిలర్ బదులు మేడ మీద నాలుగు హీట్ పంపులు పెట్టించాం. లెక్కలన్నీ నావే. పంపులు పెట్టి రెండు నెలలైంది, కానీ బాయిలర్‌ని పీకలేదు. "అసలు చలి వచ్చాక చూద్దాం, ఎందుకైనా మంచిది" అన్నాడు ఓనరు. ఈ 'ఎందుకైనా మంచిది' అన్న మాట మీద ప్రపంచంలో ఎన్ని బాయిలర్లు నడుస్తున్నాయో ఆ దేవుడికే తెలియాలి. అది ఉన్నంతకాలం, ఎవరో ఒకరు చేతులు రుద్దుకోగానే దాని స్విచ్ నొక్కేస్తారు.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. బుధవారం పొద్దున మైనస్ అయిదు అని వాతావరణం వాళ్ళు చెప్పారు. ఆ పొద్దున బాయిలర్ లేకుండా తొమ్మిదింటికల్లా అన్ని ఫ్లోర్లూ ఇరవై ఒక్క డిగ్రీలకి వస్తే, గ్యాస్ పైపు ఆ రోజే కోసేస్తారు. రాకపోతే బాయిలర్ ఉంటుంది. "బాయిలర్ ఉంటే మిగతా రెండు బిల్డింగులూ మనకి రావు కిరణ్" అన్నాడు మా బాసు. ఆ రెండూ రాకపోతే నలుగురున్న మా కంపెనీలో ఒకడు ఎక్కువవుతాడు. ఆ ఒకడి వీసా కాగితాలు బాసు టేబుల్ మీదే ఉన్నాయి. పేరు చెప్పక్కర్లేదనుకుంటా.

మంగళవారం పొద్దున ఏడున్నరకి, నేనుండే శివారు టార్నీట్ స్టేషన్లో రైలెక్కాను. వెళ్ళదల్చుకున్నవాళ్ళకి ఒక సలహా: ఆ టైములో సీటు మీద ఆశ పెట్టుకోకండి. అరగంట నిలబడితే ఊరి నడిబొడ్డున సదరన్ క్రాస్ స్టేషన్ వస్తుంది, అక్కడే పైన కాన్‌బెర్రా బస్సులు. ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం. విమానంలో గంట. కార్బన్ తగ్గించే ఉద్యోగం చేస్తూ విమానమెక్కితే బాగుండదని బస్సెక్కానని ఆఫీసులో చెప్పాను. ఆఖరి నిమిషంలో విమానం టికెట్ ధర చూశానని చెప్పలేదు.

పక్క సీట్లో ఒక పెద్దావిడ, దారిలో గుండగాయ్ అనే ఊళ్ళో దిగాలట. ఒళ్ళో అల్లిక పెట్టుకుని, నా కాళ్ళ దగ్గరున్న సంచీలోంచి తొంగిచూస్తున్న వైర్ల వంక ఒకటికి రెండుసార్లు చూసింది. చలి కొలిచే సెన్సర్లని చెప్పాను. ఉద్యోగం సంగతి అడిగితే అదీ చెప్పాను.

"మైనస్ అయిదులో బయటి గాల్లోంచి వేడి తీస్తారా? బయట వేడుంటే లోపల హీటరెందుకు నాయనా?" అంది.

"మీ ఇంట్లో ఫ్రిజ్జుందిగా అండీ. లోపలున్న కాస్త వేడిని పిండి వెనకవైపు వదుల్తుంది. ఇది దాన్నే తిరగేసి పెట్టినట్టు. ఎంత చలిగాలిలోనైనా పిండగలిగిన వేడి కొంత ఉంటుంది."

"మా ఫ్రిజ్జు పోయిన నెల పాడైంది" అని మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి ఆల్బరీ అనే ఊరొచ్చింది. అక్కడ భోజనానికి ఆపారు. రూమ్మేట్ కట్టిచ్చిన పులిహోర తిన్నాను, సగం. దారంతా ఫోన్లో వాతావరణం చూస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు చూసినా మైనస్ అయిదే. ఒకసారి మాత్రం మైనస్ ఆరు చూపించింది. ఇక చూడ్డం మానేశాను.

సాయంత్రం అయిదు దాటాక కాన్‌బెర్రాలో దిగి, ట్రామ్ లాంటి లైట్ రైలెక్కి హారిసన్ పేటకి వెళ్ళాను. కార్డు ట్యాప్ చేస్తే చాలు, వేరే టికెట్టు అక్కర్లేదు. ఇరవై నిమిషాలు. ఆ రాత్రికి నా మకాం ఆ భవనం మేనేజరు అప్పలసామి అంకుల్ ఇల్లు. ఫిజీ తెలుగువాళ్ళు. వాళ్ళ తాతగారు విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కారట. ఆఫీసులో ఆయన్ని అందరూ 'శ్యామ్' అంటారు. పూర్తి పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. ఆయన మాట్లాడే తెలుగు, వాళ్ళ నాయనమ్మ దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ఫిజీ హిందీ, ఇంగ్లీషు వచ్చి చేరాయి.

"రా బాబూ, కూకో. ఖానా రెడీ" అన్నారు. ఆంటీ చామదుంప కూర, పప్పు, పలచటి రోటీలు పెట్టింది. రోటీ అరచేతిలా మెత్తగా ఉంది. నేను రెండు తినేసరికి ఆంటీకి అనుమానమొచ్చింది.

"వంట బాలేదా? యంగ్ మ్యాన్, టూ రోటీ?"

"బాగుంది ఆంటీ. రేపు ఇరవై ఒకటి రావాలి, అది గొంతులో అడ్డంగా ఉంది."

అంకుల్ నవ్వలేదు. ఆయనకి నాకంటే ఎక్కువ అడ్డంగా ఉందని అప్పుడర్థమైంది. వచ్చే నెల ఆయన కాంట్రాక్టు తిరగరాయాలి. బాయిలర్ తీసేద్దామని ఓనరుకి మొదట చెప్పింది మా కంపెనీ కాదు, ఈయన. "ఎవరికన్నా సలేస్తే నన్నడగండి అని సెప్పేసినాను" అన్నారు పప్పు కలుపుకుంటూ. "అరవై రెండేళ్ళోడికి ఇంకో జాబ్ ఎవడిస్తాడు, నువ్వే సెప్పు."

మూడో రోటీ అడిగాను, కనీసం ఆంటీ అయినా సంతోషిస్తుందని.

పొద్దున అయిదున్నరకి కారు అద్దం మీద మంచు గీకుతూ నిలబడ్డాం. వెళ్ళేవాళ్ళకి రెండో సలహా: వేణ్ణీళ్ళు మాత్రం పొయ్యకండి, అద్దం పగుల్తుంది. అంకుల్ పాత లైబ్రరీ కార్డుతో గీకారు. ఆఫీసుకి చేరేసరికి ఇంకా చీకటే. పంపులు నాలుగూ అప్పటికే తిరుగుతున్నాయి. లోపల పదహారు. నేను ఫ్లోరుకి రెండు చొప్పున సెన్సర్లు పెట్టి మేడెక్కాను. ఏడున్నరకి పంతొమ్మిది దాటింది. ఎనిమిదికి ఇరవై పైన. ఆ క్షణంలో ఈ ఉద్యోగం నాకు బాగా నచ్చింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అంత చలిలో పంపుల బయటి తీగచుట్టల మీద మంచు పేరుకుంటుంది. అప్పుడవి కాసేపు పని ఆపి, వేడిని తమవైపే వెనక్కి తిప్పుకుని, ఆ మంచు కరిగించుకుంటాయి. కరిగేటప్పుడు తెల్లటి ఆవిరి గుప్పున లేస్తుంది. ఇది జబ్బు కాదు, అలవాటు. ఆవిరి వస్తుంది, కంగారు పడకండి అని అద్దెకున్న ఆఫీసులన్నిటికీ వారం ముందే మెయిల్ పెట్టాను. ఆ మెయిల్ చదివినవాళ్ళు ఇద్దరు: అంకులూ, నేనూ.

ఎనిమిదీ పదికి రెండు పంపులు ఒకేసారి మంచు దులుపుకున్నాయి. ఆవిరి మేఘంలా లేచి, పిట్టగోడ దాటి, రెండో ఫ్లోరు కిటికీల ముందు నుంచి కిందికి దిగింది. అడవులు తగలబడి ఊరంతా వారాల తరబడి పొగలో మగ్గిన వేసవి ఒకటుంది ఇక్కడ. అది చూసినవాళ్ళు కిటికీలో తెల్లగా ఏం కనిపించినా లేచి నిలబడతారు. రెండో ఫ్లోర్లో ఎవరో నిలబడ్డమే కాదు, ఎర్ర అలారం డబ్బా అద్దం కూడా పగలగొట్టారు.

అలారం మోగింది. మంటెక్కడా అని మేడంతా వెతికాను. ఎక్కడా లేదు. తెల్లటి ఆవిరి మధ్య నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. అప్పుడు తెలిసింది: మంట నేనే.

నిప్పు అలారం మోగితే లోపల గాలి తిప్పే ఫ్యాన్లన్నీ ఆగిపోతాయి, ఆగి తీరాలి. అంటే వేడి బంద్. నేను మెట్లు దిగి వచ్చేసరికి పసుప్పచ్చ టోపీలు పెట్టుకుని జనాన్ని బయటికి పంపే ఫ్లోర్ వార్డెన్లు కింది తలుపులు రెండూ బార్లా తెరిచి చెక్కముక్కలు అడ్డం పెట్టేశారు. మేం తెల్లవార్లూ పోగుచేసిన వేడి అందరికంటే ముందు బయటికొచ్చి కార్ పార్కులో కలిసిపోయింది.

జనమంతా అక్కడే, గడ్డకట్టిన గడ్డి మీద. అంకుల్ మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి "స్టీమ్, ఓన్లీ స్టీమ్" అంటున్నారు. ఎవరూ వినట్లేదు. గ్రౌండ్ ఫ్లోర్ అకౌంట్ల ఆఫీసు మేనేజరు మెరెడిత్ మాత్రం ఆయన ముందు ఆగింది. మొత్తం భవనంలో అందరికంటే ఎక్కువ స్థలం వాళ్ళదే. ఒప్పందంలో 'చాలు' అని చెప్పాల్సింది ఆవిడే.

"శ్యామ్, పాతిక చలికాలాలు ఆ బాయిలర్ నన్నెప్పుడూ బయట నిలబెట్టలేదు" అంది.

అంకుల్ తల దించుకున్నారు.

ఫైరింజన్ వచ్చింది. ఒకాయన మేడెక్కి, పంపుల మీద చెయ్యి పెట్టి చూసి దిగాడు. "ఇంత చల్లటి మంట నా సర్వీసులో చూళ్ళేదు మేట్" అని నా భుజం తట్టాడు. అలారం ఆపి, అందరినీ లోపలికి పంపేసరికి తొమ్మిదికి పది నిమిషాలు.

సెన్సర్లు చూశాను. చూడబోయే ముందు కళ్ళు మూసుకున్నానని ఒప్పుకుంటాను. పై ఫ్లోర్లు రెండూ ఇరవై దగ్గరే ఉన్నాయి. అరగంట పైగా వేడి లేకపోయినా ఒక్క డిగ్రీ కూడా పూర్తిగా పడలేదు. పోయిన ఏడాది కిటికీల సందులన్నీ రబ్బరు పట్టీలతో మూయించాం. మా ప్లాన్ మొత్తంలో బాసు ఆవులిస్తూ చదివిన భాగం అదొక్కటే. వేడిని ఆపింది అది. గ్రౌండ్ ఫ్లోరు మాత్రం పదిహేడు. అన్ని ఫ్లోర్లూ అన్నది ఒప్పందం. తొమ్మిదయింది. పదిహేడున్నర.

మెరెడిత్ కోటు విప్పకుండానే కూర్చుంది. ఆవిడ బల్ల మీద సొంత థర్మామీటరు, గోధుమరంగు చెక్కలో ఎర్ర గీతతో. నేనూ అంకులూ హెడ్మాస్టరు ముందు పిల్లల్లా నిలబడ్డాం. బయట గ్యాస్ పైపు కోసే అతను వ్యానులో కూర్చుని మాంసం కూరిన 'పై' తింటూ, మధ్యలో దిగొచ్చి లోపలికి తల పెట్టి "కొయ్యమంటారా, వెళ్ళిపోమంటారా? నాకింకో పనుంది" అన్నాడు.

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "మెరెడిత్, టైమ్ అయిపోయింది. పదిహేడున్నరే ఉంది. నేనే ఓనరుకి ఫోన్ చేసి చెప్తాను."

బతిమాలతారనుకున్నాను. నేనైతే బతిమాలేవాణ్ణే. ఆయన నిజంగానే ఫోన్ తీశారు.

"ఆగు" అంది మెరెడిత్. నా వైపు తిరిగింది. "తలుపులు తెరిచిపెట్టింది మావాళ్ళే. బాయిలర్ ఉన్నా ఇంతే అయ్యేది. ఇరవై ఒకటికి ఎంతసేపు పడుతుంది?"

"పదింటికి" అన్నాను. లెక్క వేసి చెప్పలేదు. నోటికొచ్చింది చెప్పాను. ఇంజనీరింగ్‌లో దీన్ని అంచనా అంటారు.

"పదింటి దాకా చూస్తాను. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగను."

ఆ గంట గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ఎర్ర గీత, దాన్ని చూస్తున్న ముగ్గురు. తొమ్మిదిన్నరకి పంతొమ్మిది. అప్పుడే మేడ మీద పంపు మళ్ళీ మంచు దులుపుకుంది. గీత ఆగింది. అంకుల్ ఏదో మెల్లగా గొణుగుతున్నారు. స్తోత్రమో తిట్లో అడగలేదు. తొమ్మిదీ ముప్పావుకి మళ్ళీ కదిలింది. గది అవతల ఒకబ్బాయి మఫ్లర్ తీసి కుర్చీకి వేశాడు. తర్వాత ఒకమ్మాయి జాకెట్టు విప్పింది. పదికి అయిదు నిమిషాలుందనగా మెరెడిత్ కోటు గుండీలు ఒక్కొక్కటే తీసింది. థర్మామీటరు ఇరవైన్నర మీదుంది. ఆవిడ దాన్ని చూసింది, కోటు కుర్చీ వెనక తగిలించింది, కంప్యూటర్ తెరిచింది.

"ఇంకా అర డిగ్రీ రావాలి" అన్నారు అంకుల్. ఆయన నిజాయితీకి ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది.

"శ్యామ్," అంది తల తిప్పకుండా, "నాకు పనుంది. ఆ పైపు సంగతి చూస్కో."

గ్యాస్ పైపు కోయడం చూడ్డానికి ఇంత దూరం ఎవరూ రానక్కర్లేదు. పది నిమిషాల పని. ఒక వాల్వు మూశాడు, ఒక ముక్క కోశాడు, మూత బిగించాడు. ఫోటో తీశాను. పైపు ఫోటో అంత బాగా రాదు. అంకుల్ ఆ గోడకేసి కాసేపు చూసి "సాయ్ తాగుదామా బాబూ" అన్నారు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తిరుగు బస్సెక్కాను. గెలిచినవాడి ప్రయాణంలా ఉండాలి గానీ, లేదు. ఆ పొద్దున మైనస్ ఆరు. ఇప్పుడు బాయిలర్ లేదు, నేనూ లేను. యాస్ అనే ఊరు దాటాక పచ్చిక బయళ్ళ మీద మంచు వెండిలా మెరుస్తోంది, గొర్రెలు పొగమంచులోంచి తలలెత్తి చూస్తున్నాయి, అదంతా అందంగా ఉందని నాకు తెలుసు. చూసే స్థితిలోనే లేను. పదిన్నరకి, గుండగాయ్ వంతెన దగ్గర, ఫోన్ మోగింది. అంకుల్.

"కిరణ్, కంప్లైంట్ వచ్చింది."

బస్సు ఆపమని అరవబోయాను. "ఎవరు? ఎంతుంది?"

"రెండో ఫ్లోరోళ్ళు. ఏడిగా ఉందంట. కిటికీ తీస్తామంటన్నారు."

"తియ్యనివ్వకండి!" పక్క సీటాయన ఉలిక్కిపడి లేచాడు. సారీ చెప్పి గొంతు తగ్గించాను. "వాళ్ళకెంత కావాలట?"

"ఇరవై సాలంట."

ఈ భవనాల పనిలో మా చేతికి దొరికే అన్నిటికంటే చవకైన కార్బన్ కోత, వేడిని ఆ ఒక్క డిగ్రీ తగ్గించడమే. రెండేళ్ళుగా ప్రతి రిపోర్టులో రాద్దామనుకుని, చలంటారేమోనని భయపడి కొట్టేసింది కూడా అదే. నా అంతట నేను అడిగుంటే మెరెడిత్ నన్ను ఆ కార్ పార్కులోకే పంపేది. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు.

"అయితే ఇరవై పెట్టండి అంకుల్," అన్నాను, "వాళ్ళు మనసు మార్చుకునేలోపు."