మేడ మీది అక్కయ్య ఇచ్చిన స్పాంజి

మా అమ్మాయి తన ఫ్లాట్‌లో కొత్త అక్వేరియం పెట్టి మూడు వారాలైంది, ఇంకా ఒక్క చేపనూ వెయ్యలేదు, ముందు నీళ్లు కుదురుకోవాలట. ఆ పని త్వరగా అవుతుందని ఆఫీసులో ఎవరో తమ తొట్టెలోని పాత ఫిల్టర్ స్పాంజి ఇస్తానంటే వద్దందట. "పెద్దమ్మ ఇచ్చిన స్పాంజి వల్లేగా అమ్మా, అప్పుడు మన చేపలన్నీ చచ్చిపోయింది," అంది నాతో. నేను కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాను.

వన్ టౌన్‌లో మా అత్తవారిది మేడ ఇల్లు, కింద మేము, పైన మా బావగారి కుటుంబం. బావగారి భార్యను నోరారా అక్కయ్యా అని పిలిచేదాన్ని గానీ లోపల ఎప్పుడూ ఒకటే మంట. ఆవిడ పులిహోర కలిపితే పొడిపొడిగా వచ్చేది, ఆవిడ కుండీల్లోనే కనకాంబరాలు విరగబూసేవి. అవన్నీ ఎలాగో మింగాను. ఆవిడ హాల్లోకి అక్వేరియం వచ్చాక మాత్రం, నా కూతురు బడి నుంచి రాగానే సంచీ గుమ్మంలో పడేసి మెట్లెక్కి పోవడం, అన్నానికి పిలిస్తే "పెద్దమ్మ పెట్టేసిందమ్మా" అని పైనుంచే కేకెయ్యడం మొదలైంది. కన్నది నేనాయె!

మా ఆయన ప్రాణం తీసి నేనూ ఓ తొట్టె తెప్పించాను, ఆవిడ దానికంటే జానెడు పొడుగుది. "తొందరపడకే, నెల్లాళ్లు ఉత్త నీళ్లు తిరగనియ్యి, తర్వాత రెండేసి చేపలు వేసుకుందువుగాని," అంది అక్కయ్య. కైకలూరు వైపు చేపల చెరువుల ఊళ్లో పుట్టిన మనిషి, ఆవిడకు తెలుసు. నాకేమో నా కూతుర్ని ఇంకో నెల తన దగ్గర ఉంచుకునే ఎత్తులా తోచింది. శుక్రవారం ముహూర్తం పెట్టించి, తొట్టెకు పసుపు కుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టి, పన్నెండు గోల్డ్ ఫిష్‌లనూ ఒకేసారి వదిలేశాను. నా మొండితనం చూసి ఆవిడే తన తొట్టెలోంచి బంకబంకగా ఉన్న స్పాంజి తెచ్చి, చేపలకు మేలు చేసే సూక్ష్మజీవులన్నీ ఇందులోనే ఉంటాయి, కడగొద్దని మరీమరీ చెప్పి చేతిలో పెట్టింది. శుక్రవారం పూట, పూజ చేసిన తొట్టెలో ఆవిడ మురికా? ఆవిడ మెట్లెక్కగానే వేణ్నీళ్లలో సబ్బుపొడి వేసి తెల్లగా ఉతికి, అప్పుడు పెట్టాను.

నాలుగో రోజుకు చేపలన్నీ తేలిపోయాయి. అమ్మాయి గుక్కపట్టి ఏడుస్తుంటే అక్కయ్య పరుగున దిగివచ్చి, "నా స్పాంజిలోనే ఏదో తెగులుందేమోనే, నేనే చంపానే వాటిని," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఉతికాను అక్కయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆ ఏడాదంతా నా కూతురు మెట్లెక్కలేదు. బడి నుంచి రాగానే నా ముందు కూర్చుని జడ వేయించుకునేది, నాకెంత హాయిగా ఉండేదో చెప్పుకుంటే సిగ్గుచేటు. సాయంత్రాలు ఆవిడ పై మెట్టు మీద నిలబడి కిందికి చూసేది.

ఆ ఇల్లిప్పుడు ఎవరిదో గోడౌను. అక్కయ్య పోయి మూడేళ్లవుతోంది. ఈ ఫ్లాట్లలో పై వాటాలో ఎవరుంటారో కూడా తెలియదు, అసూయపడదామన్నా మనిషంటూ కనిపించాలిగా! ఆ రోజుల్లో నాలుగు మెట్లెక్కితే తీరిపోయే మాటను ఇన్నేళ్లు మోశాను. కాఫీ చల్లారిపోయాక లోపలికి వచ్చాను, ఇవాళైనా చెప్పేద్దామనే. అమ్మాయి పక్కకు జరిగి, "రామ్మా, ఇలా కూర్చో," అంది. కూర్చున్నాను. చెప్పలేదు. చెబితే, లేని మనిషి దగ్గరికైనా సరే, ఇది మళ్లీ నన్నొదిలి వెళ్లిపోతుందేమోనని.