చూడని ఓడలో వాటా

మా మేనత్త పోయారన్న కబురు మొన్న పొద్దున్నే పడవ మీద వచ్చింది. తెచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి, "మీ మేనత్తగారు దాటిపోయేరండీ. కొబ్బరికాయలకొచ్చిన బేరగాళ్ళు కూడా పడవలు కట్టేసి ఉండిపోయేరండీ" అన్నాడు. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు నాకు గర్వం వేసింది. బేరగాడు బేరం మానుకుని ఆగాడంటే మాటలు కాదు.

మా అమ్మ పోయాక నన్నూ అన్నయ్యనూ పెంచింది ఆవిడే. మావయ్య కాలం చేశాక కొబ్బరికాయల వ్యాపారం తన చేతుల్లోకి తీసుకున్నారు. ముక్తేశ్వరం రేవులో మగవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారట. ఆ నవ్వులు ఎన్నాళ్ళో నిలవలేదు.

ఆవిడ అమ్మే పద్ధతి విచిత్రంగా ఉండేది. కొనేవాడు నోరు తెరవకముందే, "ఈ గుట్టలో ముదరని కాయలున్నాయండీ, చూసుకోండి" అనేవారు. సొంత సరుకును తానే తిట్టుకుంటే ఎవరు కొంటారని అన్నయ్య విసుక్కునేవాడు. అందరూ కొనేవారు. పక్క గుట్టవాడు తన కాయల్ని ఆకాశానికి ఎత్తుతుంటే, జనం ఈవిడ తిట్టిన కాయల కోసం నిలబడేవారు. "లాభం ఎందుకొచ్చిందో చెప్పలేకపోతే అది మన లాభం కాదురా" అని మాకు చెప్పేవారు. అప్పట్లో మాకు అది చాదస్తంగా తోచేది.

గౌతమి మీద ఆనకట్ట పూర్తయి, మా సీమలో కాలవలు తవ్వుతున్న రోజులవి. అందరి చేతుల్లోనూ కాస్త డబ్బు ఆడుతోంది, అంతకు మించిన ఆశలూ ఆడుతున్నాయి. అప్పుడే ఒక దళారీ మా ఊరొచ్చాడు. కోరంగి రేవులో ఓడ తయారవుతోందనీ, అది ఒక్కసారి సముద్రం దాటి రంగం రేవుకి వెళ్ళి వస్తే వాటాదార్లకు పెట్టిన సొమ్ము రెట్టింపవుతుందనీ చెప్పాడు. అన్నయ్య పొంగిపోయాడు. మా నాన్న ఇచ్చిపోయిన తోట అమ్మి నాలుగో వంతు వాటా కొంటానన్నాడు. అక్కడితో ఊరుకోక, ఇరుగు పొరుగు వాళ్ళనీ అలాంటి వాటాలకు సిద్ధం చేశాడు.

"ఓడ ఎలా ఉందిరా?" అని అడిగారు అత్తయ్య.

"ఎలా ఉంటుంది, ఓడలా ఉంటుంది."

"చూసేవా?"

"ఆ దళారీ చూసేడు కదా అత్తయ్యా."

"అయితే వాటా కూడా ఆయన్నే కొనుక్కోమను."

అన్నయ్య అన్నం దగ్గర నుంచి లేచిపోయాడు. ఆవిడ బతిమాలలేదు. "తోట నీది, అమ్ముకో. ఓడ చూసొచ్చి అమ్ముకో" అన్నారు. మర్నాడు ముగ్గురం పడవెక్కి, గౌతమి మీద యానాం దాటి కోరంగి చేరాం.

ఓడ ఉంది. ఒడ్డున టేకు దూలాలు బిగించి, సగం కట్టి ఉంది. అన్నయ్య మొహం వెలిగింది. అత్తయ్య వడ్రంగి మేస్త్రీ దగ్గరికెళ్ళి, "ఇందులో మావాడికి నాలుగో వంతు అంటున్నారండీ. మాది ఏ పక్కో చూపిస్తారా?" అని అడిగారు.

మేస్త్రీ ఉలి పక్కన పెట్టి నవ్వాడు. "మీరూ వచ్చేరా అమ్మగారూ! మొన్న రాజోలు వాళ్ళొచ్చేరు, అంతకుముందు కొత్తపేట వాళ్ళు. అందరిదీ నాలుగో వంతేనండీ. ఈ ఓడకి నాలుగో వంతులు ఎన్నున్నాయో కట్టే నాకే తెలీదు. దీని యజమాని ఎవరికీ వాటా అమ్మలేదండీ."

తిరుగు పడవలో అన్నయ్య తలెత్తలేదు. తోట దక్కింది, పరువు పోయిందనుకున్నాడు. "ఊళ్ళోవాళ్ళకి మొహం ఎలా చూపించను?" అన్నాడు చివరికి.

"నువ్వే చెప్పరా. నీకే అనుమానం వచ్చింది, వెళ్ళేవు, చూసేవు. నేను చెబితే ఆడమనిషి భయపడిందంటారు, పంతానికి పోయి ఆ సొమ్ము దళారీ చేతిలో పోస్తారు. నేను చాపలు కొనుక్కోడానికి వచ్చేను, అంతే" అన్నారు అత్తయ్య. ఆ మాట అబద్ధం కాకూడదని యానాంలో పడవ ఆపించి, నిజంగానే చాపలు కొన్నారు. బేరం కూడా గట్టిగానే ఆడారు.

ఊళ్ళో ఎవరి సొమ్మూ పోలేదు. ఆనాటి నుంచి ఎవరు ఏది కొనాలన్నా అన్నయ్య సలహా అడగడం మొదలుపెట్టారు. అడిగే కొద్దీ అతనూ ఆచితూచి చెప్పడం నేర్చుకున్నాడు. "ఆయ్, మావాడికి చూపెక్కువండీ" అని అత్తయ్య పక్కనుంచి మురిసిపోయేవారు.

మొన్న దహనమయ్యాక అందరం ఆవిడ పెరట్లో కూర్చున్నాం. ఉన్నట్టుండి అన్నయ్య లేచి నిలబడ్డాడు. "ఆ ఓడ మోసం కనిపెట్టింది నేను కాదండీ. మా అత్తయ్య. నేను తోట అమ్మేయబోయేను" అన్నాడు.

ఆనాడు వాటా కొనబోయిన పెద్దరైతు ఒకాయన మెల్లగా అన్నాడు: "ఆయ్, తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"అప్పట్నించేనండీ. సంతలో వంకాయలు పుచ్చులు చూడకుండా తెచ్చే మనిషి మీరు. మీరెళ్ళి ఓడ చూసొచ్చేరంటే ఎవరు నమ్ముతారండీ? ఆవిడ చూసేరని తెలిసే మా సొమ్ము మేం దాచుకున్నాం. ఆవిడ ముచ్చట కాదనలేక మిమ్మల్ని పొగిడేమండీ."

అన్నయ్య ఆయన వంక అలాగే చూశాడు. తర్వాత కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఒకరి వెనక ఒకరుగా ఊరివాళ్ళూ, బేరగాళ్ళూ, నేనూ, కళ్ళు తుడుచుకుంటూనే పెరడంతా నవ్వాం.